ఎనిమిది బోర్ల బండి

మా ఆయనకు నాకంటే ముందే ఇంకొకదానితో పెళ్లయింది. ఈ మాట ఎక్కడ అన్నా ఆడవాళ్లు బుగ్గలు నొక్కుకుంటారు. కారుతో అని చెప్పాకగానీ ఊపిరి పీల్చుకోరు. వాళ్లకేం, పీల్చుకుంటారు.

తొంభైల చివర్లో బెళుగుప్ప దగ్గర మా మేనత్త ఇంటికి నేను కోడలిగా వచ్చేసరికే పశువుల కొట్టం పక్కన రేకుల షెడ్డులో అది ఉంది. అమెరికా బండి. దేశం విడిచిపోతున్న ఒక విదేశీ ఇంజనీరు దగ్గర మా మామ ఎప్పుడో బెంగుళూరులో కొన్నాడట. ఆయన పోయాక అది కొడుక్కు దక్కింది. ముక్కు పొడుగు, తలుపులు రెండే, స్టీరింగు ఎడమ పక్క. వెనక కూర్చోవాలంటే ముందు సీటు మడిచి, నడుం వంచి దూరాలి. కోళ్ల గూట్లోకి దూరే వయసు తనది కాదని మా అత్త ఒక్కసారి కూడా అందులో ఎక్కలేదు. నేను ఎక్కాను. కుడి పక్క కూర్చున్న నా ముందు స్టీరింగు ఉండదు కదా, కళ్యాణదుర్గం బస్టాండు దగ్గర జనం నన్నే డ్రైవరనుకుని, ఈమె చేతులు ఒళ్లో పెట్టుకుని ఎట్లా నడుపుతోందని నిలబడి చూసేవాళ్లు.

ఆ ముక్కంతా ఇంజినే. మామూలు కార్లకు నాలుగు సిలిండర్లుంటే దీనికి ఎనిమిది, రెండు వరసల్లో. అంత పెద్ద ఇంజిను దిమ్మను అమెరికాలో బిగ్ బ్లాక్ అంటారనీ, అక్కడి కుర్రకారు ఇట్లాంటి బండ్లతో నడిరోడ్డు మీద పందేలు కట్టేవాళ్లనీ మా ఆయన ఇంటికొచ్చిన ప్రతివాడినీ కూర్చోబెట్టి చెప్పేవాడు. పాలవాడికి కూడా చెప్పాడు. మెకానిక్కులు సిలిండరును బోరు అంటారు. అందుకని ఊరు దానికి ఎనిమిది బోర్ల బండి అని పేరు పెట్టింది. పేరు గొప్ప, ఊరు దిబ్బ. మా గుంతల దారుల్లో అది మూడో గేరు చూసిన రోజులు తక్కువ. స్టార్టు చేస్తే మాత్రం వంటింట్లో స్టీలు గ్లాసులు గలగలమనేవి. అప్పుడు ఆయన ముఖం చూడాలి. నాకు ఒళ్లు మండేది. నిజం చెప్పొద్దూ, ఆ ముఖం చూస్తే కొంచెం ముద్దుగా కూడా ఉండేది.

నా గోల వేరు. కాపురానికొచ్చిన ఏడే తాడిపత్రి దిక్కు నుంచి చీనీ అంట్లు, అదే బత్తాయి, తెప్పించి గుట్ట కింది చేనులో నాటించాను. వేరుశనగ విత్తి మబ్బుల వైపు నోరు తెరుచుకుని కూర్చునే సేద్యం నాకు చిన్నప్పటి నుంచీ విసుగు. ఆ చేనులో బోరుంది, అంతో ఇంతో నీళ్లున్నాయి. చీనీ కాపుకు రావడానికి నాలుగైదేళ్లు పడుతుంది. ఆ నాలుగైదేళ్లూ మా ఇంట్లో ఒకటే పోట్లాట. చేతికి ఏది అందినా ఆయన బండికంటాడు, నేను చెట్లకంటాను. పొద్దున మొదలైతే సంగటి ముద్దల దగ్గరా అదే, పడక దగ్గరా అదే. మేనత్త కొడుకు కాబట్టి నాకు భయమూ లేదు, మొహమాటమూ లేదు.

తొలి కాపు రావాల్సిన ఏడు వాన ముఖం చాటేసింది. అంతకు ముందేడూ అంతంత మాత్రమే. ఎండలు ముదరకముందే తోటలో బోరు గాలి కక్కింది. ఆ తర్వాత మోటారు తిరుగుతున్నా పైపులో చుక్క లేదు. గోరుచుట్టు మీద రోకటిపోటులా సరిగ్గా అప్పుడే బండి కూడా నీలం పొగ కక్కి కూర్చుంది. చెట్ల ఆకులు ముడుచుకుపోతున్నాయి బావా అని నేను మొత్తుకుంటూనే ఉన్నా, వచ్చాక చూద్దామని ఆయన ఇంజిను దించి లారీలో వేసుకుని బెంగుళూరు పోయాడు.

కొన్నాళ్లకు ఊళ్లో ఫోనున్న అంగడాయన ఇంటికొచ్చి కబురు చెప్పాడు.

"మీ ఇంటాయన ఫోను చేసినాడమ్మా. బోరు పాయ గదా, ఇంగ వేరే దావ లేదంట. కొత్తగా బోరు చేపిస్తాండాడంట. మిషను కాడనే ఉండాడంట. ఎల్లుండి లారీలో వస్తాడంట."

ఎద్దు ఈనిందంటే దూడను గాటన కట్టెయ్యమనే మనిషిని కాను నేను. కానీ ఆ మాటల్లో నమ్మకపోవడానికి ఏముంది? మా దిక్కున బోరు పోయిందంటే ఒకటే అర్థం. మిషనంటే బోరు వేసే మిషను. అది వచ్చేది లారీ మీదే. నా మొగుడికి ఇన్నాళ్లకు బుద్ధొచ్చిందని ఏడుపొచ్చింది. నీళ్లు చూసే ముసలాయన్ను పిలిపించాను. ఆయన అరచేతిలో కొబ్బరికాయ పడుకోబెట్టుకుని చేనంతా తిరిగి, కాయ నిక్కి నిలబడిన చోట ఆగాడు. అక్కడ రాయి పాతి, పసుపు పూసి, కుంకుమ పెట్టాను. మా వైపు పెళ్లికి పిలిస్తేగానీ రారు, బోరు వేస్తున్నారంటే పిలవకపోయినా వస్తారు. లారీ వచ్చే రోజు చుట్టుపక్కల చేన్లవాళ్లంతా మా గట్టు మీదే ఉన్నారు.

లారీ వచ్చింది. దాని మీద మిషను లేదు, ఇనుప పైపులు లేవు. గోనెసంచులు చుట్టిన దిమ్మ ఒకటి, దాని పక్కన మా ఆయన, ఆయన మెకానిక్కు. మా చేను ఊరి దారి పక్కనే. జనాన్నీ, పళ్లెం పట్టుకున్న నన్నూ చూసి ఆయన లారీ ఆపించాడు. ముఖం వెలిగిపోతోంది. ఇంజినుకు ఎదురొచ్చాననుకున్నాడు. గబగబా నా చేతిలో పళ్లెం అందుకుని, గోనె తొలగించి, దిమ్మకు కుంకుమ పెట్టి, గంగమ్మకని నేను తెచ్చిన కొబ్బరికాయ దాని ముందు కొట్టేశాడు. అప్పుడు చూశాను. నున్నగా అరగదీసిన ఎనిమిది కంతలు ఎండకు అద్దాల్లా మెరుస్తున్నాయి.

"ఎనిమిదీ బాగనే పడినట్లుండాయే అన్నా," అన్నారెవరో గట్టు మీద నుంచి.

అందరూ నవ్వారు. ఆయనా నవ్వబోయి, చేనులో పసుపు రాయి చూసి ఆగిపోయాడు. అంగడాయన మోసుకొచ్చిన బోరు ఏ బోరో మా ఇద్దరికీ అప్పుడే తెలిసింది. ఆ పూట నేనన్న మాటలు అచ్చులో పెట్టేవి కావు. ఆయన ఖాళీ పళ్లెం నా చేతికిచ్చి లారీ ఎక్కాడు.

పసుపు రాయి దగ్గర బోరు మాత్రం వేయలేదు. అదే వారం పక్క చేనులో వేస్తే తెల్లటి రాతిపిండి తప్ప తడి కూడా రాలేదు. అది చూశాక మాకూ ధైర్యం చాలలేదు. మెకానిక్కు ఇంజిను బిగించి పెట్టి, పోయేముందు గట్టిగా చెప్పాడు.

"కొత్త బోరు అన్నా. బాలింతను చూసుకున్నెట్ల చూసుకోవల్ల. బరువు మొయ్యనీవద్దు, కాగనీవద్దు."

మర్నాడే మా ఆయన బండి వెనక కొక్కెం వెల్డింగు చేయించాడు. ఎద్దులను ఆ కరువులోనే సంతకు తోలేశాం కాబట్టి టైరుబండి ఊరికే పడి ఉంది. దాని మీద డ్రమ్ములు కట్టి కారుకు తగిలించాడు. ట్రాక్టర్లన్నీ ఎవరి నీళ్ల తిప్పల్లో వాళ్లవి, అడిగినా దొరకవు. కళ్యాణదుర్గం దారిలో ఆయన స్నేహితుడి బోరు ఇంకా పోస్తోంది. అక్కడ నింపుకుని తోటకు తేవడం, చెట్టుకింత అని పాదుల్లో పోయడం. పందేలకు పుట్టిన బండి నీళ్లబండి లాగుతుంటే ఊరు అమెరికా ఎద్దు అని నవ్వింది. నేను నవ్వలేదు. పక్కన కూర్చుని, డ్రమ్ములు జారకుండా వెనక్కి చూస్తూ పోయేదాన్ని.

ఎద్దు నడక దానికి పడలేదు. గాలి తగలక కుతకుతమని మరిగేది. ఆగి, మూత తీసి, రేడియేటరులో బిందెలు బిందెలు పోయాలి. నా చెట్ల నీళ్లే. పెట్రోలు సంగతి సరే, నీళ్లు తాగినట్టు తాగుతుందనే మాటకు ఆ ఏడు మా ఊళ్లో అర్థమే మారిపోయింది. పోసేటప్పుడు నేను పళ్లు కొరికేదాన్ని, ఆయన నా వైపు చూసేవాడు కాదు. ఇట్లా రోజూ. చేతులు పుండ్లు పడ్డాయి, మాటలు తగ్గిపోయాయి.

ఆఖరి రోజు స్నేహితుడి బోరు కూడా సన్నబడింది. రేపటి నుంచి తనకే చాలవని అతను తల దించుకుని చెప్పాడు. ఉన్నన్ని నింపుకుని బయలుదేరాం. తోట కనబడే ఎగువ దగ్గర బండి మరిగి నిలిచింది. ఆయన దిగి మూత తీశాడు. ఆవిరి పోయేదాకా ఇద్దరం రోడ్డు పక్కన కూర్చున్నాం. తర్వాత బిందె తీసుకుని డ్రమ్ముల దగ్గరకు వెళ్లి, ముంచకుండా నిలబడ్డాడు.

"ఏమే, దీనికి పొయ్యాల్నా, చెట్లకా?"

"చెట్లకే బావా," అన్నాను.

బిందె బండిలో పెట్టి, మూత వేసి, స్టార్టు చేశాడు. కొత్త బోరు, నీళ్లు లేకుండా, అంత బరువుతో ఎగువకు. దాని గుడగుడ సగం దారిలోనే మారిపోయింది, రాళ్లు విసిరినట్టు అరిచింది. ఆయన ఆపలేదు. తోట కంచె దాటగానే ఒక్క కుదుపుతో ఇంజిను పట్టేసుకుంది. అంతే, మళ్లీ తిరగలేదు. ఆయన మూతైనా ఎత్తి చూడలేదు. బిందె తీసుకుని చెట్ల మొదళ్లలో పోయడం మొదలుపెట్టాడు. నేనూ పోశాను. పోస్తున్నంతసేపూ గెలిచానని అనుకోవడానికి ప్రయత్నించాను, అలసట తప్ప ఏమీ రాలేదు.

సగం చెట్లు ఆ ఎండాకాలం దాటాయి. నాలుగు వానలు పడి చిగురు కూడా వేశాయి. మరుసటి ఏడు మళ్లీ అదే కరువు. ఈసారి నీళ్లు తేవడానికి చోటూ లేదు, లాగడానికి బండీ లేదు. మిగిలిన చెట్లూ ఎండిపోయాయి. గుంతకల్లు నుంచి పాత ఇనుము వాళ్లొచ్చి కంచె దగ్గరే బండిని ముక్కలు కోసి పట్టుకుపోయారు. ఆ రోజు ఆయన ఇంట్లోనే పడుకున్నాడు. చెట్లు మాత్రం పరాయి చేత కొట్టించనని తనే గొడ్డలి పట్టాడు. ఎండిన చీనీ కట్టె గట్టిది. ఒక్కో చెట్టూ కూలేసరికి ఆయాసపడిపోయేవాడు. నేను కొమ్మలు ఏరి మోపులు కట్టాను. వరస చివర గొడ్డలి కింద పెట్టి, నా పక్కన మోపు మీద కూర్చున్నాడు.

"బండీ పాయ, తోటా పాయ. ఇంగ మనం దేనికి కొట్లాడల్లే?"