బాతు కాలి కడియం

ఆ రోజు నాది కంసాలి బుద్ధి. జమ్మలమడుగు బస్సులో పక్కనున్న గొర్రెల కాపరి, మైలవరం జలాశయం గట్టున చచ్చిపడిన అడవిబాతు కాలి కడియం ఇచ్చి, ఏం రాసుందో చదవమన్నాడు. నేను వెండేమోనని సంచిలోని గీటురాయి తీసి దాని మీద రుద్దాను. ఒక అంకె అరిగిపోయింది.

“దాని ఊరు యాడో సెప్పమంటే ధర సూస్తాండావా? తొడిగినోళ్లు దానికోసం కాసుకోని ఉంటారప్పా!”

సిగ్గుతో కడియం అడిగి తెచ్చుకున్నాను. దుకాణంలో భూతద్దంతో ఆ అంకెను ఎలాగో పోల్చుకుని, కడియం మీది చిరునామాకు రాశాను. జవాబుగా ఉత్తరం వచ్చింది. పక్షుల రాకపోకలు తెలుసుకోవడానికి శాస్త్రవేత్తలు మంగోలియాలో తొడిగారట, హిమాలయాలు దాటి వచ్చిన పక్షి అట.

పేరైనా అడగని ఆ మనిషి కోసం మూడు ఆదివారాలు గట్టంతా వెతికాను. చివరికి గొర్రెలతో కనబడితే ఉత్తరం చదివి వినిపించాను.

“మంచు కొండలు దాటిందా! నేను ఎర్రగుంట్ల గూడా దాటలేదే!”

బాతును పూడ్చిన చోటు చూపించాడు. కడియం ఆయన చేతిలో పెట్టి, చెప్పులు విడిచి అక్కడ నిలబడ్డాను.