ఫిబ్రవరిలో చెప్పిన గుర్రం

ఇంగ్లండులో ఏటా ఏప్రిల్ నెలలో ఒక పెద్ద కంచెల పందెం జరుగుతుంది. గుర్రాలు నాలుగు మైళ్లకు పైగా పరుగెత్తాలి, దారిలో ముప్పై కంచెలు దూకాలి. బయలుదేరినవాటిలో చాలా గుర్రాలు చివరిదాకా రావు. కాజీపేటలో ఒక ఇంటి అరుగు మీద కూర్చుని మేం నలుగురం ఆ పందెం కోసం చలికాలం నుంచే ఎదురుచూస్తాం.

ఆ ఇల్లు నేను అన్న అని పిలిచే పెద్దాయనది. డోర్నకల్లో పుట్టి, రైలింజన్లు నడిపి రిటైరైన మనిషి. సికింద్రాబాదులో పనిచేసిన రోజుల్లో ఆయనకు పందేలు చూడటం అలవాటైంది. ఆయన భార్యను నేను వదినె అంటాను, ఆమె నన్నూ వదినె అనే అంటుంది. ఆదివారం చర్చిలో ఆమె పాట మొదలుపెడితేనే మిగతావాళ్లు అందుకుంటారు. వాళ్ల మనవరాలికి లెక్కలు చెప్పడానికి వెళ్లినదాన్ని, పాప పై చదువుకు వెళ్లిపోయినా నేను ఆ అరుగు వదల్లేదు. నాలుగో మనిషి వరంగల్ ధాన్యం మార్కెట్లో కమీషను దుకాణం నడుపుతాడు, నేను తమ్ముడంటాను. వాళ్ల ఊరు మా ఊరి పక్కనే, మాది ఒకప్పటి దొరల ఇల్లని అతనికి తెలుసు. అందుకే నన్ను దొరసానక్క అంటాడు. ఆ పిలుపులో సగం మర్యాద, సగం ఎగతాళి.

మా పందెంలో డబ్బు లేదు. అది నేను పెట్టిన షరతు. మా తాతగారు కోటలాంటి మా గడిలో గుర్రాలు పెంచి హైదరాబాదు పందేలకు పంపేవారు. మా భూమి పోవడానికి చట్టాలున్నాయి, అన్నదమ్ముల కోర్టు కేసులున్నాయి, కానీ ఊళ్లో మాత్రం గుర్రాలు తినేశాయనే అంటారు. అందుకని గుర్రం మీద నేను ఒక్క రూపాయి పెట్టను.

డబ్బుకు బదులు దావత్. అందరికంటే వెనకబడిన గుర్రం ఎవరిదైతే వాళ్లు మిగతా ముగ్గురికీ అన్నం పెట్టాలి. సొంత ఇంట్లో, సొంత పొయ్యి మీద వండాలి. హోటలు నుంచి తెప్పిస్తే చెల్లదు. ఈ షరతు వదినెది. అన్న పెట్టిన షరతు మరొకటి ఉంది. ఫిబ్రవరిలో, పోటీ సమంగా ఉండేందుకు ఏ గుర్రం ఎంత బరువు మోయాలో ప్రకటించిన నాటినుంచి ఎవరైనా తమ గుర్రాన్ని చెప్పుకోవచ్చు. ముందు చెప్పినవాళ్లకు కోరిన గుర్రం దక్కుతుంది, దాన్ని ఇంకొకరు తీసుకోకూడదు. అయితే చెప్పిన మాట మార్చడానికి లేదు. పందెం రోజుకు ఆ గుర్రం లాయంలోనే ఉండిపోయినా ఓటమి చెప్పినవాళ్లదే.

ముందుగా చెప్పాలా, ఆగాలా అన్నదే అసలు ఆట. చివరి వారం దాకా ఆగితే ఏ గుర్రం పందెంలోకి దిగుతుందో, నేల ఎంత తడిసి ఉందో తెలుస్తుంది. కానీ అప్పటికి మంచివి మిగలవు. అన్న పాత పందేలన్నీ ఫోన్లో చూసి, కంచె దూకాక గుర్రం నేల మీద ఎలా దిగిందో గమనిస్తాడు. దూకడం అన్నింటికీ వచ్చు, దిగడమే కష్టం అంటాడు. వదినె వయసు చూస్తుంది. తొమ్మిదేళ్లు దాటని గుర్రం ఆమెకు పసిది. నేను వంశం చూస్తాను. దూరం ఓర్చుకునే తల్లి, తండ్రి ఉన్నాయా, అంతకు ముందు తరం ఎలా పరుగెత్తింది, అది చూశాకే మిగతావి. మా ఇంట్లో గుర్రాన్ని అలాగే కొనేవారు. మొదటి మాట కూడా నాదే కావాలి. మూడేళ్లు అలాగే చెప్పాను, మూడేళ్లూ నా గుర్రాలు చివరిదాకా వచ్చాయి.

ఆ ఫిబ్రవరిలోనూ బరువులు ప్రకటించిన సాయంత్రమే నేను ఒక ఐర్లండు గుర్రం పేరు చెప్పాను. నల్లటిది, నుదుట తెల్లటి చుక్క. దాని తల్లి వైపు అన్నీ దూరం పోయే గుర్రాలే.

“జర ఆగు చెల్లె,” అన్నాడు అన్న. “ఇంకా రెండు నెలలుంది. గుర్రం కాళ్లు గాజు లెక్కుంటయి.”

“ఆగితే మీరు తీసుకుంటరు.”

“దొరసానక్క చెప్పినంక గెలువక ఏం జేస్తది?” అన్నాడు తమ్ముడు. “భయానికే ఉరుకుతది.”

“నీ గుర్రమేదో నువ్వు చెప్పు ముందుగాల.”

“నాకేం తొందర? వడ్లల్ల చెయ్యి పెట్టి చూసినంకనే ధర చెప్పేటోన్ని. ఆడ వానలు ఎట్ల పడతాన్నయో చూసి చెప్త.”

మార్చి చివర్లో ఒక సాయంత్రం అన్న ఫోను చూస్తూ కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. మళ్లీ పెట్టుకుని చదివాడు. నా గుర్రానికి ముందు కాలు వాచింది. ఈ ఏడు పందెంలోకి దింపడం లేదు.

ఎవరూ నవ్వలేదు. గుర్రం గురించి బాధపడుతున్నానని అనుకున్నారు. నా బాధ వేరే. దావత్ నా ఇంట్లో ఇవ్వాలి, నా ఇల్లు వాళ్లెవరూ చూడలేదు.

అరుగు నుంచి తమ్ముడితో కలిసి ఆటోలో వచ్చేటప్పుడు నేను పెద్ద గేటున్న ఒక పాత మేడ ముందు దిగుతాను. అది నాదని నేనెప్పుడూ అనలేదు. వాళ్లు అనుకుంటే కాదనీ అనలేదు. నేనుండేది దాని వెనక సందులో, బియ్యం గోదాం మీద వేసిన రేకుల గదిలో. ఇనుప మెట్లెక్కి పోవాలి. నా బట్టలకు ఇస్త్రీ ఉంటుంది, నా మాటకు తూకం ఉంటుంది, ఆ మెట్లు ఎవరి కంటా పడకుండా ఇన్నేళ్లు నెట్టుకొచ్చాను. ఇప్పుడు వాళ్లను పిలిస్తే గది చూస్తారు. పిలవకపోతే మాట తప్పినదాన్నవుతాను, ఇక ఆ అరుగు మీద కూర్చోలేను. ఆ అరుగు తప్ప సాయంత్రాలు నాకు పోవడానికి మరో చోటు లేదు.

నా మొహం చూసి వదినె అంది, “ఈసారి మా ఇంట్లనే చేద్దాం తియ్యి, వదినె. నువ్వొచ్చి ఉల్లిగడ్డలు కోస్తే సాలు.”

ఆమె మంచికే అంది. కానీ నా వెన్ను నిటారుగా అయిపోయింది.

“షరతు షరతే. పందెం రోజు సాయంత్రం అందరు మా ఇంటికి రావాలె.”

“ఆ పెద్ద గేటు ఇల్లే గదా అక్కా?” తమ్ముడు అడిగాడు.

“కాదు. దాని ఎనుక సందుల. గోదాం మీద గది.”

మళ్లీ తమ్ముడే అడిగాడు.

“గోదామంటే? పత్తిదా, బియ్యందా?”

“బియ్యంది.”

“అయితే ఎలుకలుంటయి. మా దుకాణంల పిల్లి ఖాళీగుంది, తెచ్చియ్యాల్నా?”

అన్న గట్టిగా నవ్వాడు. నేనూ నవ్వాను. ఆ ఒక్క ప్రశ్నకు ఆ తమ్ముడికి నేను ఎప్పటికీ కృతజ్ఞురాలిని. అయ్యో అనలేదు. ఎందుకు చెప్పలేదని అడగలేదు. ధాన్యం వ్యాపారి గోదాం గురించి అడగవలసింది అడిగాడు.

పందెం శనివారం వచ్చింది. మధ్యాహ్నం నుంచే పొయ్యి ముందు నిలబడ్డాను. బగారన్నం, కోడికూర, వంకాయ కూర, పచ్చిపులుసు, సర్వపిండి. రేకుల కింద ఏప్రిల్ వేడి అంతా ఇంతా కాదు. పొద్దుగూకగానే మెట్ల మీద చప్పుడైంది.

“అక్కా, ఇవేం మెట్లు?” తమ్ముడి గొంతు ముందు వచ్చింది. “ముప్పై కంచెలు దుంకినట్టైంది. నన్ను గూడ పందెంల రాసుకో.”

“నువ్వు మొదటి కంచెకాన్నే కూలవడ్తవు,” అంది వదినె వెనక నుంచి, ఆయాసపడుతూ.

వదినె లోపలికి వచ్చి గది నలువైపులా చూడలేదు. నేరుగా పొయ్యి దగ్గరికి పోయి, గిన్నె మూత తీసి, వాసన చూసి, చాప పరిచింది. అందరం కిందనే కూర్చున్నాం. నేను వడ్డించాను.

తమ్ముడి తాత మా గడి వాకిలి దాటి లోపలికి వచ్చినవాడు కాదు. చెప్పులు చేత పట్టుకుని బయటే నిలబడేవాడట. ఈ సంగతి తమ్ముడే ఒకసారి మామూలుగా చెప్పాడు. ఇప్పుడు అతను నా చాప మీద కాళ్లు ముడుచుకుని, ఒక ముద్ద నోట్లో పెట్టుకుని నన్ను చూశాడు.

“అక్కా, ఏమనుకోకు. కూరల ఉప్పు తక్కువైంది.”

మా గడిలో వంట బాగా లేదని నోరు తెరిచి చెప్పిన బయటి మనిషిని నేను చూడలేదు. బాగుందన్నవాళ్లందరూ నిజమే చెప్పారో లేదో ఇక తెలిసే దారి లేదు. నేను లేచి ఉప్పు డబ్బా తెచ్చి అతని ముందు పెట్టాను. అన్న కూడా మెల్లగా చెయ్యి చాచాడు.

“మీరు గూడనా, అన్నా?”

“చెప్పుదమనే అనుకుంటున్న చెల్లె. వాడు చెప్పిండని ధైర్యమొచ్చింది.”

అన్నాలయ్యాక ఫోను బియ్యం డబ్బాకు ఆనించి పందెం చూశాం. తమ్ముడు వానలన్నీ చూసి చివరి వారంలో ఎంచుకున్న గుర్రం నిజంగానే మొదటి కంచె దగ్గర పడిపోయింది. జాకీ లేచి బట్టలు దులుపుకున్నాడు, గుర్రమూ లేచి మిగతావాటితో పాటు మీద ఎవరూ లేకుండానే పరుగు తీసింది. వదినె పొట్ట పట్టుకుని నవ్వింది.

“వానలు చూసినవు గని కంచె చూడకపోతివి!”

“నాది పోయి పడ్డది. దొరసానక్కది పోనే లేదు. దావత్ దావతే,” అన్నాడు తమ్ముడు.

అన్న చివరి కంచె దాకా ఊపిరి బిగబట్టి, తన గుర్రం నాలుగోదిగా గీత దాటాక అప్పుడు వదిలాడు. వదినె చెప్పిన ముసలి గుర్రం చాలా వెనకగా, కానీ నిలకడగా వచ్చింది. దానికి ఆమె చప్పట్లు కొట్టింది.

వెళ్లేటప్పుడు అన్న, తమ్ముడు ముందు దిగారు. వదినె గిన్నెల దగ్గర ఆగిపోయింది. సర్దడానికనుకుని వద్దన్నాను.

“సర్దుడు కాదు వదినె. మిగిలిన బగారన్నం జర కట్టియ్యరాదు? పొద్దుగాల మీ అన్నకు ఇష్టం. పులుసు గూడ వొయ్యి.”

గడి పోయిన తర్వాత నా చేతి అన్నం ఎవరూ ఇంటికి పట్టుకుపోలేదు. అడగాలని కూడా ఎవరికీ తోచలేదు, తోచే వీలు నేనివ్వలేదు. స్టీలు డబ్బా తీసి నిండా పెట్టాను. పులుసు వేరే గిన్నెలో పోసి మూత బిగించాను. ఆమె సర్వపిండి వైపు చూస్తే అదీ పెట్టాను. అప్పటికే కింద నుంచి తమ్ముడు కేక వేస్తున్నాడు.

“నాకేది అక్కా? ఉప్పు తక్కువన్ననని నాకు లేదా?”

“ఉన్నది, ఆగు!” అని నేను పై నుంచి, సందంతా వినిపించేలా అరిచాను.