అన్న బండికి ఇన్సూరెన్సు

ఇది ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. మా అన్న మోటారు సైకిలుకు మద్రాసు కంపెనీ ఇన్సూరెన్సు ఇవ్వనన్నది నా వల్ల. మా ఇంట్లో ఇప్పటికీ మద్రాసు వాళ్లను తిడతారు. ఆ మాట వచ్చినప్పుడల్లా నేను తల వంచుకొని చేటలో బియ్యం ఏరుతూ ఉంటాను, ఒక్క రాయి లేకపోయినా.

కర్నూలు రాజధానిగా ఉన్న రోజులవి. దేశం వదిలిపోతున్న ఒక దొర దగ్గర అన్న ఆ బండిని బెంగళూరులో కొని ఆళ్లగడ్డకు తెచ్చాడు. అది అందరూ నడిపే మోటారు సైకిలు కాదు. రాళ్లూ బురదా వంకలూ దాటే పోటీల కోసమే తయారైంది. ఆ పోటీలో వేగంతో పని లేదు. కాలు నేలకు ఆనించకుండా గుట్ట ఎక్కి దిగినవాడే గెలుస్తాడు. బరువు తగ్గాలని దానికి దీపం పెట్టలేదు, హారను పెట్టలేదు, వెనక మనిషి కూర్చోవడానికి చోటు లేదు. పొగగొట్టం తొడ ఎత్తున ఉండేది. మా అమ్మ మొదటిసారి చూసి, దీని తోలు ఎవరు ఒలిచినారని అడిగింది.

మా చేను వెనకనున్న ఎండు వంకలో అన్న ఆరు నెలలు సాధన చేశాడు. నేను గట్టు మీద పుస్తకం పట్టుకొని కూర్చునేదాన్ని. చదువుతున్నానని అమ్మ అనుకునేది. అన్న కాలు ఎన్నిసార్లు నేలకు తగిలిందో లెక్కపెట్టడమే నా పని. మొదట్లో వేళ్లు చాలేవి కావు. చివరి వారంలో, వంక ఈ చివర నుంచి ఆ చివర దాకా, ఒక్కసారి కూడా తగల్లేదు. ఆ రోజు అన్న ముఖం చూసి నాకు ఏడుపు వచ్చింది.

పోటీ జరిపేవాళ్లు బెంగళూరు నుంచి జాబు రాశారు. ఒక గుట్ట నుంచి ఇంకో గుట్టకు అందరూ తిరిగే రోడ్డు మీదుగానే పోవాలి గనక, ప్రతి బండికీ రోడ్డు ఇన్సూరెన్సు ఉండాలని, కాగితం లేనివాళ్లు రావద్దని దాని సారాంశం. మా నాయన కూడా ఒక్క మాటే అన్నాడు. ఈ ఒక్క పోటీకి పోయి రావచ్చు, పోవడం కుదరకపోతే బండి అమ్మి సేద్యం చూసుకోవాలి.

ఇన్సూరెన్సు ఏజెంటు ఉండేది నంద్యాలలో. బండిని కళ్లతో చూస్తే గాని మద్రాసుకు కాగితం పంపనన్నాడు. కాగితం లేనిదే బండి రోడ్డెక్కకూడదు. చివరికి దాన్ని బస్సు మీదికెక్కించి, చెనిక్కాయల మూటల మధ్య పడుకోబెట్టి కట్టారు. ఫారం ఇంగ్లీషులో ఉంటుందని, నా రాత బాగుంటుందని అన్న నన్ను కూడా తీసుకుపోయాడు. దారి పొడుగునా కండక్టరు వదల్లేదు. "కొండలెక్కుతాదంటివే, బస్సెక్కిందేందప్పా?" అన్నాడు. బస్సంతా నవ్వింది. అన్న కూడా నవ్వాడు. నేను కిటికీ వైపు తిరిగాను.

నంద్యాల బస్టాండుకు ఏజెంటు వచ్చాడు. లావుపాటి మనిషి. చంకల కింద చొక్కా తడిసి, ఆరి, మళ్లీ తడిసి తెల్లటి గీతలు తేలాయి. తల పైకెత్తి బస్సు మీదికి చూశాడు. ఆయనకు కనిపించింది ఒక చక్రం, కొంచెం పొగగొట్టం. అన్న తాళ్లు విప్పబోతే చెయ్యి ఊపి వద్దన్నాడు. "చూసినాలేప్పా. దించడమెందుకు, మళ్లా ఎక్కించడమెందుకు?" అన్నాడు. తనిఖీ అంతే.

ఆయన గది స్టేషను దగ్గర. లోపలికి పోగానే కమురు వాసన. మూలంతా తమలపాకు ఉమ్మి, పాతదాని మీద కొత్తది. వేళ్లకు అంటిన సున్నం కిటికీ చెక్కకు రాసి రాసి అక్కడ గడ్డ కట్టింది. చాప మీద నన్ను కూర్చోమన్నాడు. చాప చెమటకు జిగటగా ఉంది. చీర కుచ్చిళ్లు ఒడిలోకి లాక్కొని, గొంతుక్కూర్చున్నాను. ఆయన బొటనవేలు నాలుక మీద తడిపి కొత్త ఫారం తీశాడు. ఆ తడి వేలిముద్ర ఎర్రగా కాగితం అంచున పడింది. నేను ఆ అంచును ముట్టకుండా రాయాలని చూశాను.

దాని పక్కన ఇంకో ఫారం పెట్టాడు. మడతల దగ్గర చిరిగి, పసుపు రంగుకు తిరిగిన పాత కాపీ. దాన్ని చూసి ఉన్నదున్నట్టు రాయమన్నాడు. నేను చదివాను. అది ఎవరిదో బస్సుది. కూర్చునేవాళ్లు ముప్పై మంది. ముందు దీపాలు రెండు. జీతానికి పెట్టుకున్న డ్రైవరు. పైన సామాన్లు వేస్తారు. అన్న చెవిలో చెప్పాను, ఇది బస్సు కాగితమని. అన్న మెల్లగా అదే మాట ఆయనను అడిగాడు. ఆయనకు ఇంగ్లీషు రాదని అప్పుడు తెలిసింది. సంతకం ఒక్కటే వచ్చు. ఎప్పుడో ఒక బస్సు యజమాని నింపించిన ఫారానికి పాలసీ వచ్చింది. అప్పటినుంచి బస్సులకూ లారీలకూ జీపులకూ అన్నిటికీ దాన్నే దింపిస్తున్నాడు. మద్రాసులో ఎవడూ చదవడని ఆయన నమ్మకం. కొన్నేళ్లుగా ఆ నమ్మకం తప్పలేదు కూడా.

"ఏం రాస్తే ఏంలే పాపా. గీతలు నిండితే సాలు," అన్నాడు నాతో. తరువాత ముందుకు వంగి నా రాత చూశాడు. ఆ ఊపిరి నా మెడకు తగిలింది. అన్న వైపు తిరిగి, "ముత్యాల మాదిరి రాస్తాందప్పా. పెండ్లి చూపులకు వచ్చినోళ్లకు ఇదొకటి సూపియ్యి, మొకం సంగతి మరిసిపోతారు," అని తానే నవ్వాడు. నోట్లోది ఒక తుంపర నా మోచేతి మీద పడింది. అన్న నవ్వలేదు, కానీ సిరాబుడ్డి నా దగ్గరికి జరిపాడు. కాగితం కావాలి గదా.

అప్పటికి చివరి ప్రశ్న దగ్గరున్నాను. ఈ వాహనాన్ని పందేలలో గాని, పోటీలలో గాని వాడతారా? పాత కాగితంలో 'లేదు' అని ఉంది. నేను 'అవును' అని రాశాను. పైకి పోయి, దీపాల దగ్గర 'లేవు' అని, హారను దగ్గర 'లేదు' అని రాశాను. ఇది పోటీ కోసమే తయారుచేసిన బండి అని ఖాళీ జాగాలో ఒక వాక్యం కూడా చేర్చాను. ఏజెంటు చదవకుండానే, బండిని స్వయంగా పరీక్షించినట్టు కింద సంతకం పెట్టాడు. అన్న నా మీద నమ్మకంతో చూడకుండానే పెట్టాడు.

ఆ రాత్రి డైరీలో, అబద్ధం రాయడానికి చెయ్యి రాలేదని రాసుకున్నాను. దీపం లేని బండి మన రోడ్ల మీద ఎవరినైనా గుద్దితే ఆ కాగితం ఎందుకు పనికొస్తుందని కూడా రాసుకున్నాను. రెండూ నిజమే కావచ్చు. కానీ ఫారం మీద రాసేటప్పుడు ఆ రెండూ నా తలలో లేవు. మోచేతి మీది తడి ఒక్కటే ఉంది. ఆ మనిషి సంతకంతోనే నిజాలు మద్రాసుకు పంపాలి, అక్కడ ఎవరైనా చదివి వాడి మొహాన కొట్టాలి, అంతే. మధ్యలో అన్న ఉన్నాడని తెలుసు. తెలిసే రాశాను. ఆ డైరీ పేజీ ఇప్పుడు చదివితే ఏజెంటు గది కన్నా ఎక్కువ రోత పుడుతుంది.

మూడు వారాలకు జాబు వచ్చింది. మద్రాసులో ఒకడు చదివాడు. చదివి వినిపించాల్సింది కూడా నేనే. నాయన మంచం మీద, అన్న గడప మీద కూర్చున్నారు. దీపం, హారను లేని పోటీ బండి గనక రోడ్డు ఇన్సూరెన్సు ఇవ్వలేమని అందులో స్పష్టంగా ఉంది. నేను తెలుగులో, ఇవ్వలేమన్నారు, అని ఒక్క ముక్క చెప్పి మడతపెట్టాను. ఎందుకంట అని నాయన అడిగాడు. కారణం రాయలేదన్నాను. ఎంత సులువుగా వచ్చిందో ఆ మాట! అబద్ధానికి చెయ్యి రానిదాన్నట, నోరు మాత్రం బాగానే వచ్చింది.

అన్న నంద్యాలకు పోయి అడిగితే, సీమవాళ్లంటే మద్రాసోళ్లకు అలుసని ఏజెంటు చెప్పి పంపాడట. ఇంట్లో అందరూ అదే నమ్మారు. పోటీ రోజు గడిచిపోయింది. ఆ రోజు అన్న చేనికి నీళ్లు కట్టాడు.

తరువాతి నెల పాములపాడు నుంచి ఒకాయన వచ్చి, ఇంజను ఊడదీసి బావికి పెట్టుకుంటానని బండిని కొన్నాడు. ఎద్దులబండి మీద వేసి తాళ్లు బిగించింది అన్నే. ఎద్దులు కదిలాక నేను వాకిట్లోకి పోయాను. చెప్పేయాలని నోటిదాకా వచ్చింది. అన్న చేతికంటిన గ్రీజును మట్టితో రుద్దుకుంటున్నాడు. నా ముఖం చూసి, బండి పోయిందని బాధపడుతున్నాననుకున్నాడు.

"ఏడవగాకు పాపా. నువ్వు రాసిందాంట్లో తప్పేం లేదు, ఆ మద్రాసోళ్లకే కండ్లు లేవు. మళ్లా ఎప్పుడన్నా బండి కొంటే గూడా కాయితం నీతోనే రాపిస్తా."