కుప్పం పిల్ల అని చెప్పాం

బర్మా నుంచి వచ్చిన చెల్లెలు పుంగనూరులో మా ఇంట ఉన్నన్నాళ్లూ, వీధిలో జీపు చప్పుడైతే లేచి కిటికీ మూసేసేదాన్ని.

మా తాత తమ్ముడు ఎప్పుడో రంగూను రేవులో కూలికి వెళ్లి అక్కడే ఉండిపోయాడు. ఆయన మనవరాలు ఈ పిల్ల. అక్కడి సైన్యం ఆడపిల్లల్నీ బలవంతంగా పట్టాళంలోకి పట్టుకుపోతుందన్న భయంతో టూరిస్టు వీసా మీద వచ్చేసింది.

"పండగలకి మా తెలుగు సంఘానికి ఇండియా ఎంబసీ ఆయన వస్తాడక్కా. మీరూ మా బిడ్డలే అంటాడు. తెలుగు వాచకాలు ఇస్తాడు" అని చెప్పేది. ఆ మాటే ఆమెకు ధైర్యం.

పక్కింటావిడ ఎవరని అడిగితే అమ్మ, "కుప్పం పిల్ల" అనేసింది. ఆ పక్క మాటలో అరవం కలుస్తుంది గనక యాస పట్టుకోలేరనుకుంది. మర్నాడే ఆవిడ మళ్లీ వచ్చింది.

"మా ఆడబిడ్డ కుప్పంలోనే ఉండాది. మీ ఇల్లు యాడ పాపా?"

చెల్లెలు నా వెనక్కి జరిగింది. బస్టాండు దగ్గరని నేనే చెప్పాను.

"బస్టాండుకి ఏ పక్క?"

ఏదో గొణిగాను. ఆవిడ వెళ్లగానే నాన్న తలుపు గడియ పెట్టాడు.

"పరాయి దేశం మనిషిని పెట్టుకోని చెప్పకుంటే మనకీ కేసే. యాల ఈ అబద్ధాలు? రేపు మదనపల్లె పోయి చెప్పేద్దాం."

బస్సులో దారి పొడవునా చెల్లెలు నా మణికట్టు వదల్లేదు. పోలీసు ఆఫీసులో అధికారి పాస్‌పోర్టు తిప్పి చూశాడు.

"ఏ ఊరు?"

"మా తాతది పుంగనూరండి."

"తాతది కాదమ్మా. నీది."

నాన్న బల్ల దగ్గరికి జరిగాడు. "మా బిడ్డే సార్. మా ఇంటి పేరే."

"కాదనలేదు పెద్దాయనా. వీసా అయిపోయేలోగా పొడిగింపు రాకుంటే ఎల్లిపోవాల. లేకుంటే మేమే ఆడికి పంపాల్సొస్తాది."

పొడిగింపు రాలేదు. ఆ రోజుల్లో ఆమె అన్నం ముందు కూర్చుని కలుపుతూనే ఉండేది. చివరికి, బర్మా సరిహద్దు దాటి థాయ్‌లాండ్ చేరిన వాళ్లన్న దగ్గర్నుంచి ఫోనొచ్చింది. చెన్నై నుంచి అక్కడికే పంపాం. విమానం ఎక్కేముందు, "అక్కడా ఎవరైనా అడిగితే ఏ ఊరని చెప్పాలక్కా?" అంది. నేను ఆమె సంచి పట్టీ భుజం మీద సరిచేశాను.

ఇప్పుడు అక్కడ కాగితాలు లేకుండా ఏదో హోటల్లో పనిచేస్తోంది. ఫోన్లో ఊరి పేరు చెప్పదు. ఎవరైనా వింటారేమోనని నేనూ అడగను.