కొండపిగిలి బదులు పలకలేదు

ఈ రోజు చిత్తూరులో బస్సెక్కి మా చిన్నాయన ఇంటికి వెళ్లాను. వాకిట్లోనే చిన్నమ్మ చెయ్యి అడ్డం పెట్టి, పెరటి దారిన రమ్మంది. తలుపు పక్కన సన్నజాజి పందిట్లో పిగిలిపిట్ట గూడు కట్టిందట. తోక కింద ఎర్రగా ఉండి, ఊరంతా తిరిగే మామూలు పిట్టే. పిల్లలు ఎగిరిపోయేదాకా ఆ తలుపు తీయకూడదని, రేడియో కూడా సన్నగా పెట్టుకోవాలని చిన్నాయన ఆజ్ఞ.

ఆయన పని గుట్టమీద రాళ్ల క్వారీలో. మందు పేల్చే ముందు నోటితో ఈలవేసి మనుషుల్నీ గొడ్లనీ తప్పించేది ఆయనే. ఆ గుట్టమీద పసుపు గొంతు కొండపిగిలి ఉండేది. అది రాతిసందుల పొదల్లో తప్ప ఊళ్లోకి దిగి బతకలేదు.

"అది ఇంకా ఉండాదా చిన్నాయనా?" అని అడిగాను.

"మొదట్లో నేను ఈలేస్తే బదులు పలికేది పాపా. నన్నూ పిట్టే అనుకున్నట్టుండాది. మంచి రాయి యాడుంటే అదీ ఆడే ఉంటాది, ఏం జేసేది? ఈ ఏడు ఈలేసినాక రోజూ రవ్వంతసేపు నిలబడి వింటా ఉండాను. పలకలా."

ఇంట్లో రేడియో గొంతు తగ్గించే మనిషికి కూలి దొరికేది ఆ పేలుళ్ల దగ్గరే. మళ్లీ పెరటి దారినే వచ్చేశాను.

మీ వైపు గుట్టల్లో కొండపిగిలి ఇంకా పలుకుతుంటే చెప్పండి. ఊరి పేరు మాత్రం చెప్పకండి, మంచి రాయి వెతికేవాళ్లూ చదువుతారు.