బండికి పట్టిన గాలి

“తాళంచెవి ఇయ్యమ్మా. రేపు పొద్దున పాత ఇనుం కొనేటాయన దాచేపల్లి నుంచి వస్తన్నాడు.”

“ఇయ్యను. మీ నాయన కొన్న బండి. దాని రోగమేందో చూపిచ్చు ముందు.”

“చూపిచ్చాగా! పేటలో షెడ్డువాళ్ళు డీజిలు పంపు పోయిందన్నారు. కొత్త పంపు ఏస్తే బండి కన్నా ఎక్కువయిద్ది.”

“పంపు పోతే నిన్న చేను కాడ ఎట్టా స్టార్టయిందిరా?”

“దానిష్టం! బుద్ధి పుడితే అయిద్ది, లేకపోతే లేదు. మిర్చి బస్తాలు నెత్తిన పెట్టుకు పోనా?”

తాళంచెవి నా కొంగు ముడిలోనే ఉంది. మా ఆయన పోయాక ఇంట్లో ఆయన చేతి వస్తువుగా మిగిలింది ఆ డీజిలు బండి ఒక్కటే. ఇనుప కొట్టుకు పంపడానికి నాకు మనసొప్పలేదు. కారంపూడిలో ఆయనకు తెలిసిన ముసలి మెకానిక్ సాయిబుకు ఫోను చేసి బండి వాటం చెప్పాను. “గాలి పట్టినట్టుందక్కా, మధ్యానం వస్తా” అని పెట్టేశాడు.

నేను చదివింది మూడో తరగతి. గాలి పట్టిందంటే నాకు తెలిసింది ఒకటే. బండి చుట్టూ సాంబ్రాణి పొగ వేసి, ముందు కమ్మీకి వేపమండ, నిమ్మచెక్క కట్టాను. ఒక చెక్క చాలనిపించింది. రెండోది పప్పులో పిండాను.

మధ్యానం సాయిబు మోపెడ్ దిగి బండి వంక చూశాడు.

“ఇదేందక్కా, పెళ్ళికి తయారు చేశావా?”

“నువ్వేగా గాలి పట్టిందన్నావు!”

ఆయన కమ్మీ పట్టుకుని నవ్వుతూ కింద కూలబడ్డాడు. “ఆ గాలి కాదక్కా! మనం పీల్చే గాలే. డీజిలు గొట్టంలోకి దూరింది.”

మావాడు అటు తిరిగి నవ్వాడు. నేను వేపమండ విప్పేశాను.

ఆయన రెంచి ముట్టుకోలేదు. ముందు అడిగాడు: “ఎప్పుడు మొరాయిస్తదిది?”

“దానిష్టం” అన్నాడు మావాడు.

“కాదు,” అన్నాను. “ముక్కు ఎత్తు మీదికి పెట్టి ఉంచితే మొరాయిస్తది. పల్లానికి పెడితే ఠక్కున అందుకుంటది. వాకిట్లో ఎత్తు, చేను కాడ పల్లం.”

“రోగం నువ్వే పట్టావక్కా. ఎత్తు మీద ఉంటే డీజిలు వెనక్కి ట్యాంకులోకి జారుద్ది. గొట్టానికి యాడనో చిల్లుంది.”

ఫిల్టరు దాటిన చోట సెలైను పైపు లాంటి, లోపల కనపడే గొట్టం తగిలించి, నా దగ్గర తాళంచెవి అడిగి మావాడి చేత ఇంజను తిప్పించాడు. ఎసట్లో లేచినట్టు బుడగలు వరసగా పోతున్నాయి. ఇక ఒక్కో అతుకూ వేలితో తడుముకుంటూ వెనక్కి వెళ్ళాడు. ఫిల్టరుకు వచ్చే రబ్బరు గొట్టం కొస నెర్రె విచ్చి ఉంది. విప్పిన ప్రతి బోల్టునూ విప్పిన వరసలోనే గుడ్డ మీద పేర్చాడు. అంత పొందికగా పనిచేసే మనిషిని నేను మా అమ్మ తర్వాత చూడలేదు.

“కొత్త గొట్టం తేవాలా?” అన్నాను, ఖర్చుకు మనసులో బెదురుతూనే.

“మంచి గొట్టం ఎందుకు పారేయటం?” బొటనవేలంత కొస కోసేసి, మిగిలింది లాగి తొడిగి, కొత్త క్లిప్పు బిగించాడు. తర్వాత గాలి పోవటానికి ఒక బోల్టు వదులు చేసి, ఫిల్టరు మీదున్న చిన్న చేతిపంపు నొక్కుతూ కూర్చున్నాడు. నురగ పోయి డీజిలు తేటగా వచ్చేదాకా నొక్కాడు. కారిందంతా డబ్బాలో పట్టి, గుడ్డలో వడగట్టి మళ్ళీ ట్యాంకులో పోశాడు. ఆ పనికి నేను లోలోపల దణ్ణం పెట్టుకున్నాను.

బండి స్టార్టయింది. మావాడు ఫోను తీసి ఇనుమాయనను రావద్దని చెప్పబోయాడు.

“ఆగబ్బాయ్,” అన్నాడాయన. “ఇప్పుడు కావటం లెక్క కాదు. ముక్కు ఎత్తు మీదికి పెట్టి వదిలెయ్. పొద్దున చూడు.”

రాత్రి మళ్ళీ కొంగున ముడేసుకున్న తాళంచెవి తెల్లవారి విప్పి మావాడికిచ్చాను. వాడు ఎక్కి తిప్పాడు. మొదటి తిప్పుకే అందుకుంది. ఇనుమాయన వచ్చేసరికి బండి మిర్చి బస్తాలతో పేట రోడ్డెక్కింది. ఆయనకు టీ ఇచ్చి పంపాను.