అంగడి నడుమ రాయి

కొత్తిమీర కట్టల మీద నీళ్లు చల్లినప్పుడు లేచే వాసన తగిలితే చాలు, హన్మకొండ కూరగాయల బజారులో సంచి పట్టుకుని ఉన్నచోటే ఆగిపోతాను. కొనేది మరిచిపోయి సుగుణ టీచర్‌ను తలుచుకుంటాను. వెనకున్నవాళ్లు "జర జరుగమ్మా" అని విసుక్కుంటారు. వాళ్లకేం తెలుసు, నేను మా ఊరి అంగడిలో ఉన్నానని!

మాది మరిపెడ దారిలో ఒక పల్లె. వారానికోసారి పెద్ద అంగడి సాగేది. డెబ్బైల చివర్లో సుగుణ టీచర్ ఇంగ్లిషు చెప్పడానికి హసన్‌పర్తి నుంచి వచ్చి, బడి పక్కనే గది అద్దెకు తీసుకున్నారు. ఆదివారం బైబిలు పట్టుకుని బస్సెక్కి చర్చికి వెళ్లేవారు. మా ఎనిమిదో తరగతి వాచకంలో ఇంగ్లండు పల్లె మీద ఒక పాఠం ఉండేది. ఎప్పుడో ఒక రాజు సంత జరుపుకోమని అనుమతిచ్చిన పల్లె అది. బాతులు ఈదే కుంట, రాతి వంతెన, గంట మోగే చర్చి, సంత మధ్యలో మెట్ల మీద నిలబెట్టిన పాత రాయి. ఆమె వరంగల్ జిల్లా దాటి ఎరుగరు. చెబుతుంటే మాత్రం నిన్ననే ఆ సంతలో వెన్న కొనుక్కొచ్చినట్టుండేది.

ఆ రాయిని అక్కడ 'మార్కెట్ క్రాస్' అంటారట. దానికి తెలుగు మాట ఆమెకు తట్టలేదు. "మన అంగడి బొమ్మ గీసి, నడుమ క్రాస్ పెట్టుకొని రాండ్రి" అన్నారు. మాకు తెలిసిన క్రాస్ ఒక్కటే. అందరం అంగడి నడుమ ఇంత పొడుగు సిలువ గీశాం. ఆ బొమ్మలు ఇళ్లల్లో పెద్దల కంటపడ్డాయి. ఇంకేముంది, టీచరమ్మ అంగడిలో సిలువ పాతిస్తుందట అని ఊరంతా గుప్పుమంది.

మర్నాడు అంగడి పెద్ద మల్లయ్య తాత నలుగురిని వెంటేసుకుని తరగతిలోకి వచ్చాడు.

"ఏంది టీచరమ్మా, అంగడిల సిలువ పెట్టిస్తవట? గట్లయితే రేపటిసంది మా పోరగాండ్లు బడికి రారు."

బడి లేకపోతే నేను బర్రెల వెంట పోవాల్సిందే. టీచర్ తెల్లబోయారు. అయినా గొంతు పెంచలేదు.

"సిలువ ముచ్చట కాదు తాతా. జర కూసోండ్రి. పాఠం ఇన్నంక మీ ఇష్టం."

వాళ్లు మా బెంచీల మీద ఇరుక్కుని కూర్చున్నారు. ఆమె పాఠమంతా తెలుగులో చెప్పారు. ఆ రాయి ముందు ఇచ్చిన మాట అక్కడివాళ్లు తప్పరని, ఊరి మంచీచెడ్డా దాని దగ్గరే తేలుతాయని చెప్పేసరికి తాత దిగ్గున లేచాడు.

"గదేందమ్మా! గది మన బొడ్రాయే గదా!"

బొడ్రాయి అంటే ఊరు కట్టేనాడు నడిమధ్య పాతే రాయి. మాది పసుపు కుంకాలతో అంగడి నడుమే ఉంది. రోజూ దాని పక్కనుంచే బడికి వస్తాం, ఒక్కరికైనా తట్టలేదు. టీచర్ పకపకా నవ్వి, నల్లబల్ల మీద 'మార్కెట్ క్రాస్' పక్కన 'బొడ్రాయి' అని రాశారు. అటు తిరిగి కళ్లు తుడుచుకున్నారు కూడా. ఆ వారం అంగడిలో ఆమెకు కొసరుగా తడి కొత్తిమీర కట్ట వేయనివాళ్లు లేరు.

ఎనభైల మొదట్లో, నేను కాలేజీలో చేరిన ఏడాది, ఆమెకు బదిలీ అయింది. ట్రంకుపెట్టె బస్సు మీదికి ఎక్కించింది మల్లయ్య తాతే. "టీచరమ్మా, ఎప్పుడన్న గా ఇంగ్లండు ఊరికి పోతే, గా బొడ్రాయికి మా ఊరి దండం చెప్పు" అన్నాడు. ఆమె కిటికీలోంచి నా చెయ్యి పట్టుకుని, "నేనేడ పోత బిడ్డా, నువ్వు పోతే చెప్పు" అన్నారు.

నేనూ ఇంగ్లిషు టీచర్‌నయ్యాను, రిటైరయ్యాను. కొత్త మాట వచ్చినప్పుడల్లా దీన్ని మీ ఊళ్లో ఏమంటారని ముందు పిల్లల్నే అడిగేదాన్ని. ఇంగ్లండు మాత్రం చూడలేదు. ఇప్పుడు తాతా లేడు, టీచరూ లేరు. వాళ్లు పంపిన దండం ఇంకా నా దగ్గరే ఉంది.